కర్ర ఉన్న రోజు, కర్ర లేని రోజు

వారంలో కొన్ని రోజులు నేను చేతికర్రతో నడుస్తాను. కొన్ని రోజులు కర్ర లేకుండా నడుస్తాను. ఉదయం ప్రార్థన వేళకు కర్ర లేకుండా బడి మైదానం దాటిన నేనే, అదే రోజు సాయంత్రం బస్టాండులో కర్ర మీద బరువు మోపి ఒక్కో అడుగే వేస్తూ కనిపిస్తాను. రెండూ నిజమే. ఉదయం నా జబ్బు నయమైపోలేదు, సాయంత్రం నేను నటించడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లకు ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పడానికి పడ్డ శ్రమ ముందు కర్రతో నడక నేర్చుకోవడం చాలా తేలిక.

తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నలభై దాటాయి. నా జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్, క్లుప్తంగా ఎంఎస్ అంటారు. 1868లో ఫ్రాన్సులో షార్కో అనే వైద్యుడు దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా గుర్తించి వివరించాడు. అంటే వైద్యులకు కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో మాత్రం ఈ పేరు చెబితే "అంటే పక్షవాతమా?" అని అడుగుతారు. కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో ఉన్న నరాల పైపొరను దెబ్బతీస్తుంది. ఎక్కువగా ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు.

నాకు మొదట కాలు కాదు, కన్ను చెప్పింది. ఒకరోజు అద్దం ముందు బొట్టు పెట్టుకుంటుంటే కుడి కన్ను తిప్పినప్పుడల్లా లోపల నొప్పి. ఎందుకో ఒక్కో కన్నూ మూసి కుంకుమ భరిణెలోకి చూశాను. ఎడమ కంటికి కుంకుమ ఎర్రగానే ఉంది. కుడి కంటికి అదే కుంకుమ ఎండలో వెలిసిన గుడ్డ రంగులో ఉంది. భరిణె మార్చి, దీపం దగ్గరికి వెళ్లి మళ్లీ చూశాను. అదే తేడా. కంటి నరం వాచినప్పుడు ముందుగా దెబ్బతినేది ఎరుపు రంగేనని తరవాత డాక్టరు చెప్పారు. ఎంఆర్ఐ తీశారు, సెలైనులో స్టెరాయిడ్ ఎక్కించారు, కొన్ని వారాలకు చూపు తిరిగి వచ్చింది. చూపు వచ్చింది కాబట్టి జబ్బు పోయిందని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకోవాలని కోరుకున్నాను.

కాలి సంగతి చెప్పుల దగ్గర బయటపడింది. కుడి చెప్పు ముందు భాగం తొందరగా అరిగిపోయేది, ఎడమది కొత్తగానే ఉండేది. చెప్పులు కుట్టే ఆయన చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "అమ్మా, మీరు కుడి కాలు ఈడుస్తున్నారు" అన్నాడు. నడిచేటప్పుడు పాదం ముందు భాగాన్ని పైకెత్తే కండరానికి నరం నుంచి కబురు సరిగా అందడం లేదు. కాసేపు నడిస్తే చాలు, బొటనవేలు నేలకు తగిలేది. తూలేదాన్ని. పడకుండా గోడలు పట్టుకునేదాన్ని. గోడ లేని చోట్లకు వెళ్లడం మానేశాను. సంత మానేశాను, పెళ్లిళ్లు మానేశాను, సాయంత్రం కాలువ గట్టు మీద నడక మానేశాను. దేనికీ కారణం చెప్పలేదు. "తీరిక లేదు" అనడం అలవాటైంది.

ఫిజియోథెరపిస్టు "మీకు చేతికర్ర కావాలి" అన్నప్పుడు మా అమ్మ పక్కనే ఉంది. ఆవిడ మొహం పాలిపోయింది. ఆటోలో ఇంటికి వస్తూ దారంతా మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక ఒక్కటే అంది: "నేను ఇంకా కర్ర పట్టలేదే తల్లీ."

ఆ మాటలోని బాధ నాకు తెలుసు. మన ఇళ్లలో కర్ర అంటే తాతగారి చేతిలో ఉండాల్సిన వస్తువు. వయసు తీరాక, పిల్లలందరూ స్థిరపడ్డాక పట్టుకోవాల్సినది. అమ్మ కళ్లకు కర్రలో నా ముసలితనం కనిపించింది. నాకు ఆ కర్రలో కనిపించింది కాలువ గట్టు. గోడ అక్కర్లేకుండా మళ్లీ అక్కడికి వెళ్లవచ్చు. అమ్మకు ఇది మాటలతో చెప్పలేదు. నెల తిరక్కుండా ఒక సాయంత్రం "పద, కాలువ దాకా వెళ్లొద్దాం" అని ఆవిడను తీసుకువెళ్లాను. దారిలో కర్ర గురించి ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు మా పక్కింటావిడ ఎదురై "ఏమైందమ్మా కాలికి?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపే అమ్మ "నరాల జబ్బు, మందులు వాడుతోంది, నడవడం మంచిదన్నారు" అని చెప్పి ముందుకు నడిచింది.

నా కర్ర అల్యూమినియంది, నల్లటిది. పొడవు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ పక్కన వరుసగా రంధ్రాలు, ఒక మీట ఉంటాయి. కొన్ని వందల రూపాయలకు మందుల దుకాణాల్లోనే దొరుకుతుంది. దుకాణంలో అమ్మిన అబ్బాయి నన్నొకసారి పైనుంచి కిందికి చూసి, తోచిన రంధ్రంలో మీట బిగించి ఇచ్చాడు. కొద్ది రోజులకే భుజం నొప్పి మొదలైంది. దాన్ని సరిచేసింది నా తొమ్మిదో తరగతి పిల్లలు.

తొలిసారి కర్రతో తరగతిలోకి వెళ్లిన రోజు గదిలో చప్పుడు లేదు. అడగాలని అందరికీ ఉంది, అడగడానికి ఎవరికీ నోరు రావడం లేదు. నేనే చెప్పాను. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఊడితే కరెంటు మధ్యలోనే పోయినట్టు, నా నరాల మీద పొర కొన్ని చోట్ల ఊడిందని, అందుకే మెదడు పంపే కబురు కాలికి ఒక్కోసారి అందుతుందని, ఒక్కోసారి ఆలస్యమవుతుందని. చివరి బెంచీ పిల్లవాడు చెయ్యెత్తి "ఒక్కోసారి అంటే ఎప్పుడు టీచర్?" అని అడిగాడు. పెద్దవాళ్లు ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. ఎండలో, బాగా అలసినప్పుడు, జ్వరం వచ్చినప్పుడు అని చెప్పాను. అంతే, వాళ్లకు సరిపోయింది. మరునాడు కర్ర లేకుండా వెళితే "ఈరోజు కబురు అందుతోందా టీచర్?" అని అడిగారు.

ఆ వారమే కోణాల పాఠం వచ్చింది. చేతికర్ర పట్టుకుని నిటారుగా నిలబడితే మోచెయ్యి కొద్దిగా, ఇరవై ముప్పై డిగ్రీల దాకా వంగి ఉండాలని ఫిజియోథెరపిస్టు చెప్పిన మాట గుర్తుకొచ్చింది. నల్లబల్లకు వాడే పెద్ద చెక్క కోణమానిని తీసి, "నా మోచెయ్యి ఎంత వంగిందో కొలవండి" అన్నాను. ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. ఒకమ్మాయి కోణమానిని కేంద్రాన్ని నా మోచేతి ఎముక దగ్గర పెట్టి, రెండో అమ్మాయి భుజం నుంచి స్కేలు ఆనించి, శ్వాస బిగబట్టి చదివింది: "నలభై అయిదు టీచర్!" అంటే కర్ర ఎత్తు ఎక్కువ, అందుకే భుజం పైకి లేచి నొప్పి పెడుతోంది. మీట నొక్కి ఒక రంధ్రం దించారు, మళ్లీ కొలిచారు. ఇంకొకటి దించారు. చేతిని వదులుగా కిందికి వేలాడదీసి నిలబడితే మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి వచ్చింది. సరైన ఎత్తు అదే. తరవాత భుజం నొప్పి తగ్గింది. ఆ అమ్మాయిలిద్దరూ ఇప్పటికీ నా కర్ర వైపు తాము కట్టిన ఇంటిని చూసుకున్నంత శ్రద్ధగా చూస్తారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. బలహీనంగా ఉన్నది కుడి కాలైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నడకలో కుడి కాలూ ఎడమ చెయ్యీ కలిసి కదులుతాయి. కుడి కాలు నేల మీద మోపే క్షణానికి ఎడమ చేతిలోని కర్ర కూడా నేల తాకితే ఆ కాలి మీద పడే బరువు కొంత అటు మళ్లుతుంది. ఇది తెలియనివాళ్లు నన్ను దారిలో ఆపి మరీ సరిదిద్దుతారు. "కాలు ఇటు, కర్ర అటు పట్టుకున్నావేమిటమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఆయన గొంతులో అనుమానం కూడా ఉంది, నాకేమీ లేదేమో అన్నట్టు. నిలబడి వివరించాను. ఆయన మోకాళ్ల నొప్పులాయన, కర్రను నొప్పి ఉన్న వైపే పట్టుకుని ఉన్నాడు. అక్కడే చెయ్యి మార్చుకుని నాలుగడుగులు వేసి చూశాడు. "అవునమ్మా" అన్నాడు. నాకైతే ఈ పద్ధతి మరో విధంగానూ కలిసొచ్చింది: ఎడమ చేతిలో కర్ర, కుడి చేతిలో సుద్దముక్క.

చీరతో కర్ర పట్టుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. పైట ఎడమ భుజం మీదే, కర్రా ఎడమ చేతిలోనే, కొంగు జారి పిడికి చుట్టుకుంటుంది. మెట్ల దగ్గర ఒక చెయ్యి కడ్డీకి, ఒక చెయ్యి కర్రకు పోతే కుచ్చిళ్లు ఎత్తుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. ఇప్పుడు కొంగు మడిచి పిన్ను పెడతాను, చీర చీలమండ పైకి కడతాను, మెట్లు ఎక్కువున్న రోజు చుడీదార్ వేసుకుంటాను. మెట్లు ఎక్కేటప్పుడు బలమున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్ర, బలహీనమైన కాలు ముందు. ఈ వరుస ఇప్పుడు ఆలోచించకుండానే వస్తుంది.

గుడి దగ్గర వచ్చిన చిక్కు వేరు. మా వీధి చివరి గుడిలో, ద్వారం దగ్గర ఉండే ఆయన కర్ర బయట పెట్టి రమ్మన్నాడు. వీధంతా తిరిగిన కర్ర, చెప్పులతో సమానం అన్నాడు. లోపల నున్నటి గ్రానైటు, అభిషేకం నీళ్లు. అలాంటి నేల మీద కర్ర లేకుండా నేను ఒక్క అడుగు కూడా వేయలేను. మా అత్తయ్య నిష్ఠగా మడి కట్టుకునే మనిషి. ఆవిడ ఏమంటుందో అని చూశాను. ఆవిడ నా చేతిలోంచి కర్ర తీసుకుని, కుళాయి దగ్గరికి వెళ్లి, కింది రబ్బరు తొడుగు వేలితో రుద్ది కడిగి, కొంగుతో తుడిచి, నా చేతికిచ్చి, "ఇది దాని కాలు నాయనా, కడిగాం. ఇక పక్కకు జరుగు" అంది. అప్పటి నుంచి నా సంచిలో అదనంగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. గుడికి, ఎవరి ఇంటి లోపలికైనా వెళ్లేటప్పుడు వీధి తొడుగు లాగేసి అది వేసుకుంటాను. అర నిమిషం పని. ఆ రబ్బరు అరిగితే తడి నేల మీద కర్ర జారుతుంది కాబట్టి అప్పుడప్పుడూ తిప్పి చూసుకుని మార్చడం కూడా అవసరం.

ఇవన్నీ ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, "మీ ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది" అని నాతో చాలామంది అంటారు. నేను బయటికి వెళ్లగలుగుతున్నది ధైర్యం పుట్టుకొచ్చి కాదు. కర్ర ఎత్తు సరిగ్గా ఉంది, తొడుగు కొత్తది, ఏ బస్సుకు మెట్టు తక్కువ ఎత్తులో ఉంటుందో తెలుసు, ఎవరు ఏమడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉన్నాను. ఇవన్నీ అమరాక భయపడడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

ఎండ సంగతి చెప్పాలి. ఎంఎస్ ఉన్నవాళ్లకు ఒంటి వేడి కొద్దిగా పెరిగినా చాలు, దెబ్బతిన్న నరాలు కబురు మోయడం తగ్గిస్తాయి. 1890లో ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు, తన దగ్గరికి వచ్చిన కొందరికి శ్రమ చేశాక చూపు మసకబారడం గమనించి రాశాడు. వేడి వల్ల ఇలా జరగడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఎంఆర్ఐ లేని కాలంలో ఈ జబ్బు ఉందేమో తెలుసుకోవడానికి మనిషిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి చూసేవారట.

నాకు ఆ పరీక్ష భోగి రోజున మా ఇంట్లోనే జరిగిపోయింది. రాగి బాయిలరులో కాచిన నీళ్లు, నలుగు, తలంటు. పోసుకుంటున్నంతసేపూ హాయిగానే ఉంది. ముక్కాలిపీట మీంచి లేవబోతే కాళ్లు నావి కావు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, చెప్పిన మాట వినడం లేదు, అంతే. మా అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది, మా వారు చల్లటి తడి తువ్వాలు మెడ చుట్టూ వేసి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. అరగంటలో లేచి నడిచాను. ఇంట్లో అందరూ బెదిరిపోయారు. జబ్బు ముదిరిందనుకున్నారు. వేడి వల్ల వచ్చినది చల్లబడితే తగ్గుతుందని, దానివల్ల నరాలకు కొత్తగా దెబ్బ తగలదని డాక్టరు వివరించాక ఊపిరి పీల్చుకున్నాం. ఇరవై నాలుగు గంటలు దాటినా తగ్గకపోతే, జ్వరం కూడా లేకపోతే, అప్పుడు తన దగ్గరికి రమ్మన్నారు.

ఇక ఆలోచించండి, మన కోస్తాలో వేసవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ప్రపంచ ఎంఎస్ దినం ఏటా మే 30న వస్తుంది, అంటే సరిగ్గా రోహిణి కార్తెలో. చలి దేశాల్లో ఆ రోజు పార్కుల్లో నడక కార్యక్రమాలు పెడతారు. ఇక్కడ మాత్రం ఆ రోజు మధ్యాహ్నం మాలో ఎవరూ గుమ్మం దాటకూడదు. మార్చి నుంచి నా రోజు తెల్లవారుజామునే మొదలవుతుంది. బయటి పనులన్నీ ఎండ ఎక్కకముందే. సంచిలో చల్లటి నీళ్ల సీసా, తడిపిన తువ్వాలు, గొడుగు. ఒక చేతిలో కర్ర, మరో చేతిలో గొడుగు ఉంటే సంచి భుజానికే వేలాడాలి కాబట్టి బరువైనవన్నీ ఇంట్లోనే వదిలేస్తాను. కార్తెలు మారి తొలకరి పడితే నా కాలు నాకు తిరిగి వస్తుంది. అప్పుడు కర్ర లేని రోజులు పెరుగుతాయి. అదే జనానికి అర్థం కాదు: "మేలో అంత కష్టపడ్డారు, ఇప్పుడు బాగానే ఉన్నారే?"

పదో తరగతి జవాబుపత్రాల మూల్యాంకనం జరిగేది ఏప్రిల్లో. ఒక ఏడాది నాకు రెండో అంతస్తులో గది వేశారు. మొదటి రోజు ఎక్కాను. రెండో రోజు, కింది అంతస్తులో చోటు ఇవ్వమని అడిగితే అక్కడి అధికారి "నిన్న ఎక్కారు కదా మేడమ్" అన్నారు. ఆయన చెడ్డగా అనలేదు, నిజంగానే అర్థం కాక అన్నారు. నిన్న ఎక్కినందుకు ఏమైందో ఆయన చూడలేదు కదా. సాయంత్రానికి బస్సు మెట్టు ఎక్కలేక డ్రైవరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది, రాత్రి అన్నం కలుపుకునే ఓపిక లేక మా అమ్మాయి ముద్దలు పెట్టింది. ఈ అలసట నిద్రపోతే తీరే అలసట కాదు. మెట్లు ఎక్కగలరా అని అడిగితే ఎక్కగలను అనే జవాబు వస్తుంది. ఎక్కాక మిగిలిన రోజు ఏమవుతుందో అడగాలి.

నోటితో వాదించకుండా కాగితం మీద రాసి ఇచ్చాను. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఏడు వైకల్యాల జాబితాను ఇరవై ఒకటికి పెంచింది. దీర్ఘకాలిక నరాల వ్యాధుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్ పేర్లు అందులో నేరుగా ఉన్నాయి. ఆ చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థ వైకల్యం ఉన్న ఉద్యోగికి పని చేసుకోవడానికి తగిన వెసులుబాటు కల్పించాలి. అంతకన్నా ముఖ్యమైనది, ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఆ మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి వీలుకాకపోతే అదే జీతంతో మరో పనికి మార్చాలి. ఈ ఒక్క వాక్యం తెలియక జబ్బు దాచుకుని, కర్ర కొనడానికి భయపడి, గోడలు పట్టుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఎంతమంది ఉంటారో అని ఆలోచిస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ప్రభుత్వ ఉద్యోగులైతే ఆ సెక్షన్ తప్పకుండా చదవండి. నాకు కింది గది ఇచ్చారు, ఫ్యాను కింద బల్ల వేశారు.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం ధ్రువపత్రం అంత తేలికగా రాలేదు. సచివాలయంలో స్లాటు తీసుకుని, చెప్పిన రోజున ఆసుపత్రికి వెళ్లాను. ఉదయం వేళ, చల్లటి గది. "నడిచి చూపించండి" అన్నారు. నడిచాను, బాగానే నడిచాను. ఎదుటి కుర్చీలో ఉన్నవారు పక్కవారి వైపు చూశారు. ఆ చూపు నాకు అలవాటే. నేను తీసుకువెళ్లింది ఎంఆర్ఐ ఒక్కటే కాదు. నరాల డాక్టరు రాసిన వివరమైన నివేదిక, ఎంత దూరం నడిచాక పాదం జారుతుందో, ఎండలో ఏమవుతుందో నెలల తరబడి నేను రాసుకున్న పుస్తకం, ముందు అరిగిన కుడి చెప్పు కూడా సంచిలో ఉన్నాయి. "ఇంకా కొంత దూరం నడిపించి చూడండి, వరండాలో" అని అడిగాను. వరండా రెండుసార్లు తిరిగేసరికి బొటనవేలు నేలకు తగలడం వాళ్లే చూశారు. వైకల్యం నలభై శాతం, ఆపైన ఉంటేనే చట్టం చెప్పిన చాలా సదుపాయాలు వర్తిస్తాయి. నాది దాటింది. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి 75 వేల రూపాయల మినహాయింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే లక్షా 25 వేలు. నాలాంటి జబ్బున్నవాళ్లు సదరం శిబిరానికి వెళితే బాగున్న రోజు, బాగాలేని రోజు రెండింటి రుజువులూ పట్టుకువెళ్లాలి.

బస్సులో దివ్యాంగుల సీటు దగ్గర మాటలు పడడం కర్ర లేని రోజునే. కర్ర ఉంటే ఎవరో ఒకరు లేస్తారు. లేనప్పుడు "లేవండమ్మా, అది వికలాంగులది" అంటారు. మొదట్లో లేచి నిలబడేదాన్ని. ఇప్పుడు కూర్చునే, గొంతు పెంచకుండా చెబుతాను: "నాకు నరాల జబ్బు ఉందండీ, నిలబడితే పడిపోతాను." అంతే. కార్డు అడిగే హక్కు కండక్టరుకు ఉంది, ఆయన అడిగితే చూపిస్తాను. పక్క ప్రయాణికులకు నా వైద్య చరిత్ర వినిపించను. కొందరు ఆ తరవాత కూడా తేరిపార చూస్తారు. చూడనీ. నేను దిగే స్టాపు వచ్చేదాకా నేను కూర్చునే ఉంటాను.

పైకి కనిపించని వైకల్యం ఉన్నవాళ్ల కోసం పొద్దుతిరుగుడు పూల బొమ్మలున్న ఆకుపచ్చ పట్టీ, ఐడీ కార్డు తాడులా మెడలో వేసుకునేది, ఒకటి ఉంది. 2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది, బెంగళూరు విమానాశ్రయం కూడా ఆ పద్ధతిలో చేరింది. అది మెడలో ఉంటే సిబ్బంది కారణం అడగకుండా కాస్త సమయం ఇస్తారు, కూర్చోమంటారు. మన రైల్వే స్టేషన్లకు, బస్టాండ్లకు అలాంటిది రావాలని నా కోరిక. విమానం ఎక్కేవాళ్లకన్నా రైలు ఎక్కేవాళ్లమే ఎక్కువ కదా.

అన్నిటికన్నా కష్టమైనది మా చెల్లెలి పెళ్లిచూపులు. "ఆ ఒక్క పూట కర్ర లోపల గదిలో పెట్టవే, నువ్వు కుర్చీలోంచి లేవకుండా ఉంటే చాలు" అంది పిన్ని. ఇంట్లో నరాల జబ్బు ఉందంటే సంబంధం తప్పిపోతుందని ఆవిడ భయం. భయానికి కారణం లేకపోలేదు, మన సంబంధాల్లో ఇలాంటివి ఎలా తూకం వేస్తారో అందరికీ తెలుసు. చెల్లెలిని అడిగాను. "అక్కా, దాచి చేసుకున్న ఇంట్లో రేపు నువ్వు నన్ను చూడడానికి ఎలా వస్తావు?" అంది. కర్రతోనే వెళ్లి కూర్చున్నాను. పెళ్లికొడుకు తల్లి అడిగింది, చెప్పాను. ఈ జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు నేరుగా దిగేది కాదని, దగ్గరి రక్తసంబంధీకుల్లో అవకాశం మిగతావారికన్నా కొంచెం ఎక్కువైనా మొత్తం మీద తక్కువేనని, డాక్టరు చెప్పిన మాట చెప్పినట్టే చెప్పాను. ఆ సంబంధం కుదరలేదు. జాతకాలు కలవలేదని కబురు వచ్చింది. పిన్ని నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. తరవాత వచ్చిన వాళ్లకు కూడా అలాగే చెప్పాం. వాళ్లు విన్నారు. మా మరిది కాబోయే అబ్బాయి "వదినా, మండపం మెట్లకు కడ్డీ పెట్టించమని చెప్పనా?" అని అడిగాడు. ఆ పెళ్లిలో కన్యాదానం వేళ నేను పీట మీద కాకుండా పక్కన కుర్చీలో కూర్చున్నాను, కర్రకు మా అమ్మాయి కనకాంబరాల మాల చుట్టింది. పురోహితుడు అక్షింతలు నా చేతికి అందేదాకా ఆగారు.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు, కర్ర ఎప్పుడు తీసుకోవాలి అని. పడ్డాక తీసుకుందాం అనుకుంటున్నారు. పడకముందే తీసుకోండి. పడతానన్న భయంతో వెళ్లాల్సిన చోట్లకు వెళ్లడం మానేయడం మొదలుపెట్టారంటే అప్పటికే కర్ర అవసరం వచ్చినట్టు. రోజూ పట్టుకోవాలన్న నియమం లేదు, మడత పెట్టి సంచిలో వేసుకునే కర్రలు కూడా దొరుకుతాయి. నాలుగు కాళ్ల కర్ర కావాలో, మామూలుది చాలో, పాదాన్ని పైకెత్తి ఉంచే ప్లాస్టిక్ పట్టీ కూడా కావాలో సొంతంగా తేల్చుకోకుండా ఒకసారి ఫిజియోథెరపిస్టును కలవండి. దుకాణంలో తోచిన రంధ్రంలో బిగించి ఇస్తే ఒప్పుకోవద్దు. కొలత తీయించుకోవడానికి వెళ్లేటప్పుడు రోజూ బయటికి వేసుకునే చెప్పులే వేసుకుని వెళ్లండి, మడమ ఎత్తును బట్టి కర్ర పొడవు మారుతుంది.